నేను చూడని పెళ్ళి

ఆ ఏడు వసంతంలో హార్కమ్ ప్రభువుగారి లండన్ ఇంట్లో నలభై మందిమి పనిచేసేవాళ్ళం. చలికాలం వచ్చేసరికి ఐదుగురం మిగిలాం. ఆ ఐదుగురిలో నేనొకదాన్ని. నా పేరు థామసిన్. ఇంట్లోని దుప్పట్లు, బల్లగుడ్డలు, దొరగారి చొక్కాలు నా అజమాయిషీలో ఉండేవి. మొగుడు పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. నోరు మూసుకుని పని చేసుకుపోతుందని పేరు. ఆ పేరు వల్లే ఇదంతా నా మెడకు చుట్టుకుంది.

దొరగారి పేరు జర్వేజ్. అప్పటికి ఇరవై మూడేళ్ళు. మంచి మనిషే గానీ గట్టి మనిషని ఎవరూ అనుకోలేదు. ఏడాదికి నలుగురు దర్జీలను మార్చేవారు. గడ్డం దువ్వుకోవడానికే గంట పట్టేది. వేటకుక్కల పేర్లన్నీ తెలుసు, కౌలుదార్ల పేర్లు ఒక్కటీ తెలియవు. వాళ్ళమ్మగారు, అంటే మా పెద్ద దొరసాని, పల్లెలోని కోటలో ఉండేవారు. "మావాడి బుర్రలో గాలి బాగా ఆడుతుంది, తలుపులన్నీ తెరిచే ఉంటాయి" అనేవారు, ఎదుట ఎవరున్నా సరే.

ఉపవాస దినాలు మొదలవడానికి ముందురోజు, ఊరంతా అట్లు పోసుకు తినే మంగళవారం నాడు, దొరగారు పనివాళ్ళందరికీ సెలవిచ్చి కోడిపందేలు చూసి రమ్మన్నారు. నన్ను మాత్రం ఉండమన్నారు. పొద్దున పదింటికి నది వైపు తలుపు ఎవరో తట్టారు. తీసి చూస్తే ఫిలిపా అమ్మగారు. దవడకు గుడ్డ కట్టుకుని, మడమల దాకా బురదతో నిలబడి ఉన్నారు. రాణిగారి దగ్గర పంటినొప్పని చెప్పి, పడవ ఎక్కితే ఎవరైనా చూస్తారని నది ఒడ్డమ్మట నడిచి వచ్చారట.

ఫిలిపా అమ్మగారెవరో ఆ రోజుల్లో లండన్‌లో చేపలమ్ముకునేవాళ్ళకు కూడా తెలుసు. రాణిగారికి పెళ్ళి లేదు, పిల్లలు లేరు. రేపు ఆమెకేమైనా అయితే కిరీటం ఎవరికి అని జనం వేళ్ళ మీద లెక్కపెట్టే పేర్లలో మొదటి పేరు ఈవిడది. తండ్రి వైపు నుంచి రాణిగారికి దగ్గర చుట్టం. అందుకే ఆవిణ్ణి అంతఃపురంలో కళ్ళెదుటే ఉంచుకునేవారు. రాణిగారి సెలవు లేకుండా ఆవిడ పెళ్ళి చేసుకుంటే నేరం. చేసుకున్న మగవాడిది రాజద్రోహం.

పెళ్ళి మేడమీద గదిలో జరిగింది. చేయించింది ఓస్మండ్ పాదిరి, చిన్నప్పుడు దొరగారికి చదువు చెప్పిన ముసలాయన. చూపు ఆనదు గనుక పుస్తకం చేతిలో పట్టుకుని ప్రార్థనలన్నీ కంఠతా చెప్పుకుపోయారు. మధ్యలో ఆగి, సాక్షులు ఇద్దరుండాలి కదా, ఒక్కరే ఉన్నారేమిటని అడిగారు.

"దేవుడొకడు, థామసిన్ ఒకతె. ఇద్దరయ్యారు కదండీ, కానివ్వండి" అన్నారు దొరగారు.

ఉంగరం తొడిగేటప్పుడు మాత్రం ఆయన తప్పు వేలికి పెట్టబోయారు. అమ్మగారే సరైన వేలు చాపారు. అంతా అయ్యాక ఆవిడ దవడగుడ్డ విప్పేసి, ఆకలేస్తోంది, అట్లున్నాయా అని అడిగారు. నేను పోసిపెడుతుంటే వంటింట్లోనే పీట వేసుకు కూర్చుని ఆరు తిన్నారు. మేడమీదికి తీసుకొస్తానంటే వద్దన్నారు. రెండు కొట్టేలోగా మళ్ళీ గుడ్డ కట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయారు. అంతే పెళ్ళి.

ఆ తర్వాత ఆవిడకు తరచూ పంటినొప్పి వచ్చేది.

జూన్ నెలలో ఊళ్ళో జ్వరాలు పాకాయి. ఓస్మండ్ పాదిరి నాలుగు రోజులు మంచాన పడి పోయారు. దొరగారు పాడె వెనక నడిచి వెళ్ళి వచ్చి, చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆయన బాధపడుతున్నది గురువుగారి కోసమే అనుకున్నాను. కొంత అందుకే కావచ్చు కూడా.

ఆగస్టులో రాణిగారు పరివారంతో తూర్పు జిల్లాలు చూడబోయారు. ఫిలిపా అమ్మగారు వెంట వెళ్ళక తప్పలేదు. దొరగారు కాలు బెణికిందని చెప్పి ఇంట్లోనే ఉండిపోయారు. ఒకరోజు మధ్యాహ్నం నన్ను పిలిచి, పెట్టె సర్దమన్నారు. స్నేహితుడెవరో ఫ్రాన్సుకు పోయే ఓడలో చోటు మాట్లాడిపెట్టాడట. మర్నాడు పొద్దున ఆటుపోట్లు అనుకూలించగానే బయలుదేరుతుందట. చొక్కాలు పన్నెండు, మేజోళ్ళు, రెండు కోట్లు పెట్టాను. ఆయన మంచం అంచున కూర్చుని నేను సర్దేది చూస్తున్నారు.

"ఆడవాళ్ళు ఎన్నాళ్ళు దాచగలరు థామసిన్?" అని అడిగారు కాసేపటికి.

దేని గురించని నేను అడగలేదు. "అయిదు నెలల దాకా లాక్కురావచ్చు దొరగారూ. తర్వాత గౌను మాట వినదు."

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టారు.

"నేను సముద్రం దాటితే ఆవిణ్ణి ఒక్కదాన్నే నిలబెట్టి అడుగుతారు" అన్నారు. తర్వాత లేచి వెళ్ళి, నేను పెట్టిన చొక్కాలు తానే తీసి మంచమ్మీద పరిచారు. పని చేతగాని మనిషి, మడతలన్నీ పాడుచేశారు. ఆ చొక్కాల్లో ఒకటి తొడుక్కుని గుర్రానికి జీను వేయించమన్నారు. రాణిగారు ఎక్కడ మకాం చేస్తే అక్కడికే వెళ్ళి, అడగకముందే ఒప్పేసుకుంటారట.

గుర్రం ఎక్కబోయే ముందు నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు.

"నిన్ను తప్పకుండా అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. పాదిరిగారు పోయారు. ఇప్పుడు నా పెళ్ళి నీ నోట్లో ఉంది, థామసిన్."

సరేనన్నాను. ఆ మాట ఇచ్చేటప్పుడు అది నిలబెట్టుకోవడం కష్టమవుతుందని నాకు తోచలేదు. చూసింది చెప్పడమే కదా.

మూడో రోజున బంట్రోతులు వచ్చారు. దొరగారిని టవరు అనే కోటలో ఖైదు పెట్టారని, అమ్మగారిని అదే కోటలో వేరే బురుజులో పెట్టారని చెప్పి, ఇంట్లో గదులన్నిటికీ లక్క ముద్రలు వేసుకుంటూ పోయారు. నా బట్టల గదికి కూడా వేశారు. వంటవాడు ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. గుర్రాలవాళ్ళు, తోటవాళ్ళు, వడ్డించేవాళ్ళు వారంలో ఖాళీ. కుక్కలను పొరుగు ప్రభువు తోలుకుపోయాడు. ఎవరినీ తప్పుపట్టలేను, రాజద్రోహి ఇంట్లో జీతం తీసుకుంటే ఆ మరక వాళ్ళకూ అంటుతుంది.

సెప్టెంబరులో పెద్ద దొరసాని దిగారు. కొడుకును చూడనివ్వలేదు. విచారణ జరిపించే అధికారి సర్ మైల్స్ ఆవిడకు వరసకు మరిది. అతని ఇంటికి వెళ్ళివచ్చి నన్ను కూర్చోబెట్టి విషయం చెప్పారు. పెళ్ళి జరిగిందని తేలితే ద్రోహం. పుట్టబోయేది మగబిడ్డయితే కిరీటానికి వారసుడు గనుక ఇంకా పెద్ద ద్రోహం. జరగలేదని తేలితే ఏముంది, ఓ కుర్రవాడు అంతఃపురంలో అమ్మాయిని చెడగొట్టాడు, జరిమానా కట్టించి, కొన్నాళ్ళు ఉంచి వదిలేస్తారు. రాణిగారు కూడా వినదలచుకున్నది అదేనట.

"మావాడు మాత్రం చేసుకున్నాను, చేసుకున్నాను అని గోడలకు కూడా చెబుతున్నాడట. పాదిరి పోయాడు, దేవుణ్ణి పిలిపించి అడగలేరు. ఇక మిగిలింది నువ్వు. చూడలేదని ఒక్క మాట అను, నా కొడుకు ఇంటికొస్తాడు."

"నేను చూశాను కదండీ" అన్నాను.

"చూసినవన్నీ చెప్పేదానివైతే ఈ ఇంట్లో నిన్ను పదేళ్ళు ఉంచేవాళ్ళమా?"

"మరి అమ్మగారి పేరు ఏమవుతుందండీ?"

"ఆ పిల్ల నాకేమవుతుంది?" అన్నారు పెద్ద దొరసాని. కోపంగా అనలేదు, నిజంగానే అడిగినట్టు అన్నారు. కోడలని నేను చెప్పలేదు. దొరగారికి మాట ఇచ్చానని మాత్రం చెప్పాను. ఆవిడ, జీతమిచ్చి మరీ మూర్ఖత్వాన్ని పెంచి పోషించామన్నారు. అయినా పొమ్మనలేదు. పొమ్మంటే నేనేం చెబుతానో ఆవిడకు ఇంకా అనుమానమే.

నవంబరు మొదటి వారంలో అమ్మగారు టవరులోనే ప్రసవించారు. మగపిల్లాడు. కోట అధికారి భార్య కాస్త దయగలది. బాలింతకు గుడ్డలు పంపించమని కబురు చేస్తే, నేనే మూట పట్టుకుని వెళ్ళాను. గది వెచ్చగానే ఉంది, కిటికీ ఉంది, కాపలా తలుపవతల ఉంది. అమ్మగారు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ముఖం పీక్కుపోయింది. పిల్లవాడు ఎర్రగా, కోపిష్ఠిలా ఉన్నాడు.

"చూడు, వాళ్ళ నాయనమ్మ పోలిక" అన్నారు అమ్మగారు.

నేను గుడ్డలు విప్పి సర్దుతూ ఇంటి సంగతులు చెప్పాను, కుక్కల దగ్గర్నుంచి. ఆవిడ అన్నీ విని, వచ్చే బుధవారం నన్ను విచారణకు పిలుస్తారటగా అని అడిగారు. అవునన్నాను. దొరగారు ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారని, అలాగే చెబుతానని, ఆవిడ పేరుకు మచ్చ రానివ్వనని ధైర్యం చెప్పాను. పెద్ద దొరసాని ఒత్తిడి చేసినా లొంగలేదని కూడా చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను.

అమ్మగారు పిల్లవాణ్ణి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు.

"మా అన్నయ్యకు పదహారేళ్ళప్పుడు ఎవడో సారా అంగట్లో అన్నయ్య పేరు చెప్పి గ్లాసు ఎత్తి, రాజంటే వీడేరా అన్నాడు. అన్నయ్యకు ఆ అన్నవాడి ముఖం కూడా తెలియదు. అయినా అన్నయ్య తల తీసేశారు. వీడికి నాలుగు రోజులు. బయట అప్పుడే వీడి పేరు చెప్పి తాగుతున్నారటగా?"

తాగుతున్నారు. నేను విన్నాను. విన్నట్టు చెప్పలేదు.

"పెళ్ళయిన తల్లి కొడుకైతే వీణ్ణి రాజును చేద్దామని కొందరు, చంపేద్దామని కొందరు బయలుదేరతారు. పెళ్ళికాని తల్లి కొడుకు ఎవరికి కావాలి చెప్పు? హాయిగా గుర్రాలు తోలుకుంటూ బతుకుతాడు. నువ్వు చూడలేదని చెప్పు, థామసిన్."

పెద్ద దొరసాని అడిగిన మాటే, అక్షరం తేడా లేదు. అయితే ఆ మాటకు పోయేది ఈవిడ పేరే. మీరే చెప్పొచ్చు కదా అని అడిగాను.

"ఆయన జరిగిందంటున్నారు. నేను కాదంటే ఆయన్ని అబద్ధాలకోరన్నట్టు. అది నా నోట రాదు. నేనేమీ చెప్పను, ఊరుకుంటాను. నువ్వు అనాలి."

"దొరగారు నన్నేమనుకుంటారండీ?"

"భయపడ్డావనుకుంటారు. అనుకోనీ. ఆయనకు మాత్రం చెప్పకు, నేను బతికుండగా. చెబితే ఒప్పుకోరు. మళ్ళీ పెళ్ళి, పెళ్ళి అని మొదలుపెడతారు." అలా అంటూ కొంచెం నవ్వారు. ఆవిడ నవ్వడం అదే నేను చివరిసారి చూడడం. తలుపు బయట కాపలావాడు దగ్గాడు. నేను ఖాళీ మూటగుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాను.

బుధవారం దాకా నిద్ర పట్టలేదని చెప్పను. పట్టింది. బట్టలుతికే రోజులు మధ్యలో వచ్చాయి, చేతులు పనిలో ఉన్నాయి. కానీ ఇద్దరి మాటా ఎలా చెల్లుతుందని మాత్రం ఉతుకుతున్నంతసేపూ అనుకున్నాను. ఒకరికి మాట ఇచ్చాను, ఇంకొకరికి మాట ఇవ్వకుండానే తలుపు దాటాను.

విచారణ బిషప్పుగారి భవనంలో పెద్ద హాల్లో పెట్టారు. పొడుగు బల్ల వెనక సర్ మైల్స్, మరో నలుగురు. పక్కన రాసుకునేవాడు. దొరగారిని కూడా తీసుకొచ్చి గోడవార నిలబెట్టారు. తన ఎదుట అయితే నేను అబద్ధమాడలేనని ఆయనే కోరుకున్నారట. మూడు నెలల్లో బాగా చిక్కిపోయారు. గడ్డం ఎవరూ దువ్వలేదు. నన్ను చూసి తల ఊపారు, ఇంటి మనిషిని చూసినట్టు.

నా చేత బైబిలు మీద ప్రమాణం చేయించారు. పేరు, పని, ఎన్నాళ్ళ నుంచి కొలువు అన్నీ అడిగారు. తర్వాత సర్ మైల్స్, ఉపవాస దినాలకు ముందు మంగళవారం పొద్దున ప్రభువుగారి ఇంట్లో మేడమీద ఒక పాదిరి, ఒక స్త్రీ, ప్రభువుగారు ఉండగా జరిగిన తంతు ఏదైనా చూశావా అని అడిగాడు.

"లేదండి" అన్నాను.

"ఆ రోజు ఇంట్లో ఉన్నావా?"

"వంటింట్లో ఉన్నానండి. అట్లు పోస్తున్నాను."

"పాదిరి వచ్చాడా?"

"నేను చూడలేదండి."

రాసుకునేవాడి కలం గరగరలాడింది. దొరగారు అరుస్తారని, అబద్ధమంటారని ఎదురుచూశాను. అలా జరిగుంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఆయన సర్ మైల్స్ వైపు తిరిగి మామూలు గొంతుతో అన్నారు:

"ఆవిణ్ణి భయపెట్టారు. పొద్దుటినుంచీ నిలబడి ఉంది, పీటైనా వేయించండి."

పీట వేశారు. కూర్చున్నాను. కాళ్ళు నిజంగానే లాగుతున్నాయి.

పది రోజుల్లో తీర్పు చెప్పారు. పెళ్ళి ఏదీ జరగలేదు. బిడ్డ అక్రమ సంతానం. ప్రభువుకు భారీ జరిమానా, రాణిగారికి ఇష్టమైనంత కాలం ఖైదు. ఫిలిపా అమ్మగారిని తూర్పున ఎవరో ముసలి ప్రభువు ఇంట కాపలాలో ఉంచుతారు. పిల్లవాణ్ణి నాయనమ్మ తీసుకుపోవచ్చు, వాడు ఎవరికీ అక్కర్లేదు గనుక. పెద్ద దొరసాని బండిలో వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ముఖం చూసి, నిట్టూర్చి, "ముక్కు నాదే" అన్నారు. నన్ను కూడా ఎక్కమన్నారు. లండన్ ఇల్లు మూసేశారు.

పెద్ద దొరసాని లెక్క ఒక్కచోట తప్పింది. కొడుకు ఇంటికి రాలేదు. పెళ్ళి కాలేదని సంతకం పెడితే వదిలేస్తామని ఏటా శరదృతువులో ఓ అధికారి కాగితం పట్టుకెళ్ళేవాడు. దొరగారు చదివి, నేను పెళ్ళయినవాణ్ణి అని చెప్పి, తిరిగిచ్చేసేవారట. ఏడాదికి నలుగురు దర్జీలను మార్చే ఆ మనిషి అలా తొమ్మిదేళ్ళు కూర్చున్నారు. పెద్ద దొరసాని ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయారు. నా దగ్గర ఒక్క మాట ఉంది, అది వింటే ఆయన సంతకం పెట్టేవారేమో. కానీ ఉత్తరాలు దారిలో చదివేవారు. పైగా మొదటి రెండేళ్ళు అమ్మగారు బతికే ఉన్నారు.

మూడో చలికాలంలో ఆవిడ పోయారు. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. ఇరవై అయిదేళ్ళు. పిల్లవాణ్ణి ఒక్కసారైనా చూపించమని రాశారట, వీల్లేదన్నారు. శవపేటిక మీద ఏ పేరు చెక్కాలన్న ప్రశ్న వచ్చి, తండ్రి ఇంటిపేరే చెక్కారు.

పదో ఏట, కాగితం తీసుకెళ్ళే అధికారి చనిపోయాడు. అతని స్థానంలో వచ్చినవాడికి ఆ కాగితం సంగతే తెలియదు. ఈ ప్రభువు ఇంకా లోపలెందుకున్నాడని అడిగితే ఎవరికీ సరైన జవాబు దొరకలేదు. రాజధానికి రాకూడదన్న షరతు పెట్టి వదిలేశారు.

దొరగారు పల్లెకు వచ్చేసరికి మధ్యాహ్నం. ముప్పై మూడేళ్ళకే జుట్టు నెరిసింది. పెద్ద దొరసాని వంగలేకపోయినా వంగి కొడుకు చెయ్యి ముద్దు పెట్టుకున్నారు. భోజనమయ్యాక ఆయన నేనుండే బట్టల గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎలా ఉన్నావు థామసిన్ అని అడిగారు. నీమీద నాకు కోపం లేదు, వాళ్ళు ఎంత భయపెట్టి ఉంటారో నాకు తెలుసు అన్నారు. తొమ్మిదేళ్ళుగా ఆ మాట నాతో చెప్పాలనుకుంటున్నారట.

అప్పుడు చెప్పాను. బురుజులో గది, అన్నగారి సంగతి, అమ్మగారు అడిగింది, ఆయనకు చెప్పొద్దన్నది, అన్నీ వరసగా చెప్పాను. అంతా విన్నాక ఆయన అడిగారు.

"ఆవిడే అడిగిందా?"

"ఆవిడే అడిగారండి."

ఆయన గుమ్మం వదిలి కిటికీ దగ్గరికి వెళ్ళారు. కింద పెరట్లో పిల్లవాడు పొట్టి గుర్రాన్ని కళ్ళెం పట్టి తిప్పుతున్నాడు. వాడికి క్రిస్పిన్ అని పేరు పెట్టుకున్నాం. తొమ్మిదేళ్ళు నిండాయి. పండుగలకు వచ్చే బంధువులు వాణ్ణి చూసి జాలిపడేవారు. గుర్రాల బేరానికి వచ్చేవాళ్ళు వాడి ముందే అన్నీ మాట్లాడేవారు. ఎవరూ వాడి పేరు చెప్పి తాగేవారు కాదు. రాణిగారికి అప్పటికీ పెళ్ళి కాలేదు. కిరీటం ఎవరికని జనం వేళ్ళు మడుస్తూనే ఉన్నారు, ఆ వేళ్ళలో వీడికి చోటు లేదు.

దొరగారు కిందికి దిగారు. నేను కూడా వెనకాలే వెళ్ళాను. క్రిస్పిన్ గుర్రాన్ని ఆపి ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. మీరేనా మా నాన్న అని అడిగాడు. ఆయన అవునన్నారు. వాడు కాసేపు కళ్ళెం చేతికి చుట్టుకుని విప్పాడు.

"మీరూ మా అమ్మా పెళ్ళి చేసుకోలేదని అందరూ అంటారు. నిజమేనా?"

నేను కొట్టం గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఏడేళ్ళు వచ్చినప్పటినుంచీ వాడు నన్నూ అదే అడిగేవాడు. నేను పని ఉందనేదాన్ని.

దొరగారు గుర్రం మెడ మీద చెయ్యి వేసి రెండుసార్లు నిమిరారు.

"నిజమే. చేసుకోలేదు" అన్నారు.

క్రిస్పిన్ సరేనన్నట్టు తల ఊపి, గుర్రానికి దెబ్బ తగిలిందని, ఎడమకాలు చూడమని ఆయన్ని అడిగాడు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గిట్ట చేతిలోకి తీసుకున్నారు.